గ్రీష్మమున నగర మరణములు

2010వ సంవత్సరము మే నెల 21వ తేదీన అహమ్మదాబాదు నగరమున ఉష్ణమాపకము 46.8 డిగ్రీల వేడిమిని చూపినది. అర్ధకోటికి మించిన జనము వసించు ఆ మహానగరమున దినమునకు ఇంచుమించు నూరుగురు కాలధర్మము నొందుట పరిపాటి. ఆ ఒక్క దినమున మాత్రము మున్నూరుగురకు పైబడి మరణించిరి. అంతకు తొమ్మిది సంవత్సరములకు ముందు భూకంపమును చవిచూచి, కూలిన మేడల క్రింద చిక్కుకొన్నవారికై దేశము కదలివచ్చుటను కన్నులార చూచిన నగరమది. ఈ సారి ఏ మేడయు కూలలేదు, ఏ వంతెనయు తెగలేదు, ఏ నదియు పొంగలేదు. కావున ఒక్క దినమున రెండువందలమంది అధికముగా మరణించినను, ఆ మరణములు ఏ ఇంటికి ఆ ఇంటివిగా, ఎవరి దుఃఖము వారిదిగా గడచిపోయినవి.

తరువాత కొందరు వైద్యశాస్త్రజ్ఞులు పురపాలక సంఘపు మరణముల నమోదు పుస్తకములను ముందుంచుకొని ఆ మాసపు లెక్కను సాంతముగా కట్టిరి. ముందటి యేడు 2009లోను, తరువాతి యేడు 2011లోను అదే మే మాసమున సగటున 3,118 మంది మరణింపగా, 2010 మే మాసమున 4,462 మంది మరణించినట్లు తేలినది. భేదము 1,344. నూటికి నలుబదిమూడు పాళ్ళ అధికము. ఆ మాసమున నగరమును ఏ మహామారియు సోకలేదు, ఏ ఉపద్రవమును సంభవింపలేదు. ఎండ ఒక్కటియే అధికము. ఈ సాయంకాలము నేను మీతో ప్రసంగింపదలచినది ఈ 1,344 మందిని గూర్చియే. వీరు ఏ విధముగ మరణించిరి, వీరి మరణపత్రములలో ఎండ అను మాట ఎందువలన కానరాలేదు, వీరిని లెక్కించిన పిమ్మట ఆ నగరము ఏమి చేసినది, మన తెలుగునాట మనమేమి చేయవలసియున్నది అను విషయములను నాకు తెలిసినంతవరకు మనవిచేసెదను.

మానవ శరీరము కదలక మెదలక కూర్చుండినప్పుడు కూడ నూరు వాట్ల విద్యుద్దీపమంత వేడిని పుట్టించుచుండును. ఆ వేడిని ఎప్పటికప్పుడు వెలుపలికి పంపివేసి, లోపలి ఉష్ణమును 37 డిగ్రీల చెంత నిలిపియుంచుట మీదనే మన బ్రతుకు ఆధారపడియున్నది. గాలి చర్మముకంటె చల్లగా ఉన్నంతవరకు ఇది కష్టము కాదు. గాలి 35, 36 డిగ్రీలను దాటినంతనే ఆ త్రోవ మూతపడి, గాలియే శరీరమునకు వేడిని ఇయ్య నారంభించును. అంతట మనకు మిగిలిన సాధనము చెమట ఒక్కటే. చెమట కారుటచే శరీరము చల్లబడదు, ఆ చెమట ఆరుటచే చల్లబడును. గాలిలో తేమ నిండియున్నప్పుడు చెమట ధారలు కట్టునే గాని ఆరదు. అందువలననే ఎండిన అహమ్మదాబాదు గాలిలో 42 డిగ్రీలను ఓర్చుకొనగలిగినవాడు సముద్రతీరపు ఉక్కపోతలో 38 డిగ్రీలకే సొమ్మసిల్లును. ఉష్ణమాపకపు బుడ్డికి తడిగుడ్డ చుట్టి కొలిచిన ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు చేరినచో, నీడన కూర్చుండి నీళ్ళు తాగుచున్న ఆరోగ్యవంతుడు సైతము కొన్ని గంటలకు మించి బ్రతుకజాలడని షెర్వుడ్, హ్యూబర్ అను శాస్త్రజ్ఞులు 2010లోనే ప్రకటించిరి. అటుపిమ్మట అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయమున యువకులపై జరిపిన పరీక్షలలో, శరీరము తన ఉష్ణమును నిలుపుకొనజాలని హద్దు అంతకంటె చాల దిగువగా, ఇంచుమించు 31 డిగ్రీల వద్దనే కలదని తేలినది. పెద్దవారికి, రోగులకు ఆ హద్దు ఇంకను దిగువ అని వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక గుండె సంగతి చూడుడు. లోపలి వేడిని చర్మము దాక మోసికొనిపోవునది రక్తమే కనుక, తీవ్రమైన ఎండలో నిమిషమునకు ఆరేడు లీటర్ల రక్తము చర్మమునకే ప్రవహింపవలసి వచ్చును. పేగులకు, మూత్రపిండములకు చేరవలసిన రక్తము ఆ మేరకు తగ్గును. చెమటతో నీరును ఉప్పును పోయి, రక్తము చిక్కబడి, గడ్డకట్టు స్వభావమును పొందును. గుండె వేగముగ కొట్టుకొనుచు, తక్కువ రక్తముతో ఎక్కువ పనిని చేయుచుండును. యౌవనమునందున్న గుండె దీనిని కొంతకాలము భరించును. అంతకుముందే జబ్బుపడిన గుండె ఏ మధ్యాహ్నమో, ఏ అర్ధరాత్రియో హఠాత్తుగ ఆగిపోవును. మూత్రపిండములు బలహీనమైనవానికి అవి పనిచేయుట మానును. మధుమేహముగలవానికి, పక్షవాతము వచ్చినవానికి, నీరు పోవుటకు మందు మ్రింగుచున్నవానికి అపాయము వేరువేరు రూపములతో వచ్చును. వయసు మీరినవారికి దాహమే సరిగ తెలియదు, చెమటయు సరిగ పట్టదు. వారు దాహమని అడుగునప్పటికే ఆలస్యమై యుండును.

వడదెబ్బ అని మనము పిలుచునది వేరు. శరీరపు లోపలి ఉష్ణము 40 డిగ్రీలను మించి, తెలివి తప్పి, మాట తడబడి, మనిషి పడిపోవుట దాని లక్షణము. అది కంటికి కనబడును, పత్రికలకు ఎక్కును, పరిహారమునకు అర్హమగును. కాని ఎండ వలన మరణించువారిలో ఈ తీరున మరణించువారు కొద్దిమంది మాత్రమే. తక్కినవారు తమ పాత జబ్బుతోనే, తమ ఇంటిలోనే, తమ మంచముమీదనే కన్నుమూయుదురు. వైద్యుడు గుండెపోటు అని వ్రాయును. అతడు వ్రాసినది అబద్ధము కాదు, సగము సత్యము. గుండె ఆగినమాట నిజమే; ఆ గుండె ఆ యేటి ఆ వారముననే ఎందుకు ఆగినదో ఆ పత్రము చెప్పదు.

మరణముల నమోదు పుస్తకమును ఎన్నడైన తెరచి చూచితిరా? పేరు, వయస్సు, చిరునామా, తేదీ, కారణము అని గళ్ళు ఉండును. కారణమను గడిలో వృద్ధాప్యమనియో, గుండె ఆగుటయనియో, జ్వరమనియో, ఒక్కొక్కప్పుడు ఏమియు లేకయో కనబడును. మన దేశమున నమోదగు మరణములలో వైద్యుడు కారణమును ధ్రువపరచునవి నాలుగవ వంతునకు లోపుగనే ఉండుచు వచ్చినవి. ఇంటివద్ద పోయినవారి విషయమున బంధువులు చెప్పినదే కారణము. కాని తేదీ గడి సంగతి వేరు. ఏ దినమున ఎవరు పోయినదియు ఆ ఇంటివారు మరచువారు కారు. కారణపు గడి దాచినదానిని తేదీల గడి బయటపెట్టును: పది సంవత్సరముల తేదీలను వరుసగ పేర్చి, ఆ దినముల ఉష్ణోగ్రతలను ప్రక్కన చేర్చినచో, ఎండ చంపినవారి సంఖ్య ఎవరి సాక్ష్యమును అక్కరలేకయే తేలును.

ఈ పద్ధతి నేటిది కాదు. లండను నగరమున వారమువారము వెలువడు మరణపట్టికలను కూర్చి 1662లో గ్రంథము ప్రకటించిన జాన్ గ్రాంట్ అను వర్తకుడు, మహామారి సంవత్సరములలో ఇతర వ్యాధుల పేర కూడ మరణములు పెరుగుటను గమనించి, మహామారిచే చనిపోయినవారు పట్టికలలో చూపినదానికంటె నాలుగవ వంతు అధికముగ ఉందురని ఊహించెను. అతడు వైద్యుడు కాడు. లెక్క చూచుట ఎరిగినవాడు, లెక్కను నమ్మినవాడు.

వేడి నగరములవారు వేడికి అలవాటుపడి యుందురు గదా, చల్లని దేశములవారికే ఈ బాధ అని కొందరు వాదింతురు. ఇందు కొంత నిజము లేకపోలేదు. మరణములు మిక్కిలి తక్కువగ నుండు ఉష్ణోగ్రత ఒకటి ప్రతి నగరమునకును కలదు. అది చల్లని నగరములలో దిగువను, వేడి నగరములలో ఎగువను ఉండుట అనేక దేశముల లెక్కలలో కనబడుచున్నది. శరీరము కూడ ఒకటి రెండు వారములలో ఎండకు కొంత అలవాటుపడి, త్వరగా, ఎక్కువగా చెమటపట్ట నేర్చుకొనును. వేసవి ఆరంభమున వచ్చు తొలి వడగాలి తరువాతి వడగాలికంటె హెచ్చు ప్రాణములు తీయుట అందువలననే. అయినను 37 డిగ్రీల నియమము లండను వానికిని అహమ్మదాబాదు వానికిని ఒక్కటే. వేడి నగరము ఏటేట ఆ హద్దునకు మిక్కిలి చేరువలోనే జీవించుచున్నది కనుక, అచ్చట మరి రెండు మూడు డిగ్రీలు పెరిగినచో వెనుకకు తగ్గుటకు చోటుండదు.

2015లో లాన్సెట్ అను వైద్యపత్రిక ఒక గొప్ప లెక్కను ప్రకటించినది. 13 దేశములలోని 384 చోట్ల జరిగిన 7 కోట్ల 40 లక్షల మరణములను పరిశీలింపగా, నూటికి 7.29 పాళ్ళు చలికిని, 0.42 పాళ్ళు మాత్రమే వేడికిని చెందినవని అందు తేల్చిరి. ఈ సంఖ్యను చూపి, ఎండ చిన్న శత్రువు, చలియే పెద్ద శత్రువు అనువారు కలరు. ఆ 13 దేశములలో మన దేశము లేదు. మన మరణముల దినవారీ లెక్క ఆ పండితుల చేతికి అందినది కాదు. పైగా చలివలని మరణములు మాసముల పొడుగున కొద్దికొద్దిగ పరచుకొనియుండును; ఎండ వలని మరణములు నాలుగైదు దినములలో ఒక్కసారిగ వచ్చి, ఆసుపత్రులను, అంబులెన్సులను, శ్మశానములను ఒక్కపెట్టున ముంచివేయును. సంవత్సరపు సగటులో అల్పముగ కనబడునది ఆ వారమున ఉపద్రవమే.

మరియొక వాదము కలదు. అది వినుటకే నాకు కష్టముగ నుండును. ఎండకు పోవువారు ఎటులను కొద్ది దినములలో పోవలసినవారే గదా అని. కొందరి విషయమున అది కావచ్చును. కాని 2003 ఆగస్టులో ఫ్రాన్సు దేశమున రెండు వారములలో ఇంచుమించు 15 వేలమంది అధికముగ మరణించినప్పుడు, ఆ సంఖ్యను పూరింపగల తగ్గుదల తరువాతి మాసములలో కానరాలేదు. వారికి ఇంకను బ్రతుకు మిగిలియుండెను. మిగిలియుండెను కనుకనే అది మరణము కాదు, హరణము అందును.

లెక్కను ఒప్పుకొనుటకు ప్రభుత్వములకు ఎంత కష్టముగ నుండునో చికాగో నగరము చూపినది. 1995 జులై నెలలో అచ్చట 41 డిగ్రీల వేడి, దానికి తోడు ఊపిరాడని ఉక్క. శవాగారమున చోటు చాలక శీతలీకరణముగల లారీలను తెప్పించిరి. ఇవి ఎండ మరణములని మరణవిచారణాధికారి ప్రకటింపగా, ఆ సంఖ్య అతిశయోక్తి యని నగరపాలకుడే శంకించెను. తరువాత తేదీల లెక్క కట్టిన గణకులు చెప్పిన సంఖ్య ఆ అధికారి చెప్పినదానికంటెను పెద్దది: 739. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అను సామాజిక శాస్త్రజ్ఞుడు ఆ మరణములను వీధివీధికి విడదీసి చూచెను. ప్రక్కప్రక్కనే ఉన్న రెండు పేటలు, బీదరికము రెంటను సమానమే, ఒంటరి వృద్ధులు రెంటను ఉన్నవారే. ఒక పేటలో మరణముల రేటు రెండవదానికంటె ఇంచుమించు పదింతలు. తక్కువ మరణించిన పేటలో అంగళ్ళు కళకళలాడుచుండెను, వృద్ధులు వీధిలోనికి వచ్చుచుండిరి, ఒక దినము కనబడనివానిని గూర్చి అడుగువారుండిరి. రెండవ పేటలో ఇండ్లు పాడుపడి, వీధులు భయముగొలుపుచు, వృద్ధులు తలుపులు, కిటికీలు బిగించుకొని లోపలనే ఉండిరి. ఆ బిగించిన కిటికీల వెనుకనే వారు మరణించిరి.

శీతలయంత్రము ఈ చావులకు మందు కాదా యని మీరు అడుగవచ్చును. కొంతవరకు మందే. ఇరువదవ శతాబ్దమున, ముఖ్యముగ 1960 తరువాత, అమెరికాలో తీవ్రమైన ఎండ దినముల వలన కలుగు అధిక మరణములు నూటికి డెబ్బదియైదు పాళ్ళు తగ్గినవనియు, అందు ప్రధాన కారణము ఇండ్లలో శీతలయంత్రములు చేరుటయేననియు ఆర్థికశాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. అయినను ఇంచుమించు ప్రతి ఇంటను అట్టి యంత్రము గల ఫీనిక్స్ నగరమును, దాని చుట్టును ఉన్న మారికోపా మండలమును చూడుడు. 2023లో అచ్చట వరుసగ 31 దినములు 43 డిగ్రీలు దాటినవి. ఆ యేడు ఎండకు సంబంధించిన మరణములు 645. వారిలో పలువురు ఇల్లే లేనివారు. ఇంటిలోపల మరణించినవారిలో అనేకుల ఇండ్లలో యంత్రము ఉండియు పనిచేయుట లేదు. ఆ మండలమువారు ఒక్కొక్క మరణమును విచారించి, ఇల్లు ఉన్నదా, యంత్రము ఉన్నదా, నడిచినదా అని వ్రాసియుంచిరి కనుకనే ఈ సంగతి లోకమునకు తెలిసినది. విద్యుత్తు బిల్లు కట్టలేనివానికి యంత్రము గోడకు తగిలించిన పెట్టె మాత్రమే.

మన నగరములలో ఎండ చంపుచోటు రోడ్డు మాత్రమే అనుకొందుము. రిక్షా లాగువాడు, తట్ట మోయునది, తాపీమేస్త్రీ, రోడ్డుపై తారు పోయువాడు నిజముగ అపాయమున ఉన్నవారే. వారికంటె ఎక్కువమంది రేకుల కప్పు క్రింద ఉన్నారు. పది అడుగుల గది, పైన ఇనుప రేకు, ఒక తలుపు, కిటికీ లేదు, మూలను పొయ్యి. మధ్యాహ్నము మూడు గంటలకు ఆ రేకు చేయి తాకరానంతగ కాగి, గదిలోని గాలి వెలుపలి నీడకంటె వేడిగ ఉండును. పంకా తిరుగుచుండును గాని, 40 డిగ్రీలు మించిన పొడిగాలిని మనిషి మీదికి విసరు పంకా అతనిని చల్లబరుపదు, కాల్చును. ఒంటిపై తడిగుడ్డ కప్పుకొన్నప్పుడే దానివలన మేలు. ఆ గదిలో వంట చేయుచున్న ఇల్లాలు నీళ్ళు తాగదు, ఏలయన మరుగుదొడ్డి వీధి చివరను ఉన్నది, పగటివేళ అచ్చటికి పోవుటకు ఆమెకు సిగ్గు, భయము. ఈ ఒక్క కారణమున వేసవిలో ఎందరు స్త్రీల మూత్రపిండములు దెబ్బతినుచున్నవో వైద్యులు ఎరుగుదురు.

సూర్యాస్తమయమైనంత మాత్రమున అపాయము తీరదు. రాతి గోడ, సిమెంటు కప్పు, తారు రోడ్డు పగలంతయు వేడిని త్రాగి రాత్రియంతయు దానిని విడుచుచుండును. ల్యూక్ హోవర్డ్ అను లండను వాసి ఇప్పటికి రెండువందల యేండ్ల క్రిందటనే, రాత్రివేళ నగరము చుట్టుపట్ల పల్లెలకంటె రెండు డిగ్రీలు అధికముగ వేడిగ నుండునని ఉష్ణమాపకముతో కొలిచి వ్రాసెను. నేటి మన నగరములలో చెరువులు పూడి, చెట్లు తగ్గి, ప్రతి మేడయు తన లోపలి వేడిని యంత్రముతో వీధిలోనికి త్రోయుచుండగా ఆ భేదము ఇంకను పెరిగినది. పగలు అలసిన గుండె రాత్రి చల్లదనములో తేరుకొనవలెను. రాత్రి కూడ 30 డిగ్రీలకు తగ్గనిచో అది తేరుకొనదు. రెండవ నాడు అలసటమీద అలసట, మూడవ నాడు అంతకు మించిన అలసట. అందువలననే వడగాలి మొదటి దినమునకంటె మూడవ, నాలుగవ దినమున మరణములు పెరుగును.

అహమ్మదాబాదులోని ఒక పురపాలక ఆసుపత్రి సంగతి చెప్పి తీరవలెను. అచ్చట పురిటి వార్డు కట్టడములో అన్నింటికంటె పై అంతస్తున, నల్లని తారు పూసిన కప్పు క్రింద ఉండెడిది. 2010 వేసవిలో నవజాత శిశువులు జ్వరమువంటి తాపముతో, ఒళ్ళు కాలుచు శిశుచికిత్సా విభాగమునకు రాసాగిరి. ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటిన పిమ్మట ఒక్కొక్క డిగ్రీకి ఇట్టి శిశువుల రాక నూటికి 43 పాళ్ళు పెరిగినదని వైద్యులు లెక్కచూచిరి. అంతట వారు చేసినదేమి? పురిటి వార్డును క్రింది అంతస్తునకు దింపిరి. క్రొత్త మందు లేదు, క్రొత్త యంత్రము లేదు. ఆ మార్పు తరువాత ఎండ దెబ్బకు చికిత్సకై వచ్చు శిశువుల సంఖ్య నూటికి 64 పాళ్ళు తగ్గినది. ఈ ఒక్క ఉదాహరణమును నేను ఎందరికో చెప్పియున్నాను, ఇంకను చెప్పుచునే ఉందును. పుట్టి రెండు దినములైన బిడ్డకు, నల్లకప్పునకు నడుమ ఒక అంతస్తు చేర్చుటయే ప్రాణరక్ష అయినది.

1,344 అను సంఖ్య చేతికి వచ్చిన పిదప ఆ నగరము ఊరకుండజాలలేదు. గాంధీనగరములోని ప్రజారోగ్య సంస్థకు అధిపతిగా నుండిన డాక్టరు దిలీప్ మావళంకర్ మొదలగువారు, పురపాలక సంఘమువారు, విదేశపు పండితులు కొందరు కూడి 2013లో ఒక ప్రణాళికను సిద్ధపరచిరి. దక్షిణాసియాలో ఎండకై ఏర్పడిన మొదటి ప్రణాళిక అది. 41 డిగ్రీలు దాటినచో పసుపు, 43 దాటినచో నారింజ, 45కు చేరినచో ఎరుపు అని హెచ్చరికలను ఏర్పరచి, ఎరుపు రాకముందే ఆసుపత్రులకు, పాఠశాలలకు, కూలీల కంట్రాక్టర్లకు వార్త పోవునట్లు చేసిరి. ఉద్యానవనముల తలుపులను మధ్యాహ్నమున మూయక తెరచియుంచిరి. మనము చలివేంద్రమనునది, గుజరాతీలు పరబ్ అనునది, దానిని ఏ మూలకు ఎన్ని కావలెనో లెక్కచూచి పెట్టిరి. అంబులెన్సులలో మంచుగడ్డ సంచులు ఉంచిరి. వడదెబ్బ తగిలినవానిని ముందు చల్లబరచి, పిదప ఆసుపత్రికి చేర్చవలెనని సిబ్బందికి నేర్పిరి. బస్తీలలోని రేకులకు, కప్పులకు తెల్లసున్నము పూయించిరి. ఇందులో మన తాతలకు తెలియనిది ఒక్కటియు లేదు. క్రొత్తది ఏమనగా ఇది పుణ్యాత్ముల ఇష్టమునకు విడువక నగరపాలన విధిగ చేయబడుట. ఆ ప్రణాళిక అమలులోనికి వచ్చిన తరువాత ఏటికి ఇంచుమించు 1,190 మరణములు తప్పినవని 2018లో ప్రకటింపబడిన పరిశోధనలో తేల్చిరి.

ఇక మన సంగతి. రెంటచింతల, రామగుండము, కొత్తగూడెము, విజయవాడ అను పేర్లు వినగనే తెలుగువానికి ఎండ తలపునకు వచ్చును. రోహిణీకార్తెలో రోళ్ళు పగులునని సామెత పుట్టిన నేల ఇది. 2003లో ఉమ్మడి రాష్ట్రమున వేయిమందికి పైగా వడగాలికి బలియైరి. 2015 మే మాసాంతమున ఆంధ్రప్రదేశ్, తెలంగాణములు రెంటను కలిపి ప్రభుత్వముల లెక్కలోనే పదునైదు వందలకు పైబడి మరణించిరి. తహసీలుదారు, వైద్యాధికారి, పోలీసు అధికారి కూడి ధ్రువపరచిన మరణములివి. పొలములో, ఉపాధి పనిచోట, బస్సుకై నిలిచినచోట పడిపోయినవారివి. విజయవాడలోను, వరంగల్లులోను, హైదరాబాదులోను ఆ పది దినములలో మంచముమీద గుండె ఆగినవారు ఆ లెక్కలోనికి రాలేదు. ఆ తరువాత రెండు రాష్ట్రములును ప్రణాళికలను చేసికొన్నవి, మజ్జిగ పంచినవి, పనివేళలను మార్చినవి. ధ్రువపడిన మరణముల సంఖ్య తగ్గినది. 2023లో తెలంగాణ ప్రభుత్వము చల్లని కప్పుల విధానమును ప్రకటించినది. 2025లో వడగాలిని రాష్ట్రపు విపత్తులలో చేర్చి, మృతుల కుటుంబములకు నాలుగు లక్షల రూపాయల పరిహారము నిర్ణయించినది. ఇవి మంచి పనులు, మెచ్చదగినవి. అయినను పరిహారమున్నచోట విచారణ కఠినమగును, విచారణ కఠినమైనచోట సందేహాస్పదమైన మరణము ఎండ లెక్కనుండి తొలగిపోవును. పరిహారమునకు ధ్రువపత్రము కావలయును, నిజమే. నివారణకు ధ్రువపత్రము అక్కరలేదు, తేదీలు చాలును.

నా అభిప్రాయము స్పష్టముగనే చెప్పెదను. ఎండ మరణములు తగ్గించుటకు మొదటి సాధనము మంచు కాదు, మందు కాదు, లెక్క. అహమ్మదాబాదు తన మృతులను లెక్కించినది కనుక తన పురిటి వార్డును క్రిందికి దింపుకొన్నది. లెక్కింపని నగరము ఏటేట అదే వార్డును అదే కప్పు క్రింద ఉంచును, తనకు ఏ ఆపదయు రాలేదని నమ్ముచుండును.

శ్రోతలారా, మీ వీధిలో ఒంటరిగ నున్న ముదుసలి ఉన్నచో వడగాలి దినములలో పగలొకసారి, రాత్రి ఒకసారి తలుపు తట్టి పలుకరింపుడు. మాట తడబడుచున్నచో, ఒళ్ళు కాలుచున్నచో నీడకు చేర్చి, తలమీదను ఒంటిమీదను నీళ్ళు పోసి, గాలి విసరి, 108కి కబురు పంపుడు. తెలివి తప్పినవారి నోట నీరు పోయకుడు. ఇది మీరు చేయగలిగిన పని. మీ పురపాలక సంఘము చేయవలసిన పని మరియొకటి కలదు. దాని కార్యాలయమున మరణముల నమోదు ప్రతిదినమును జరుగుచునే ఉన్నది. ఏప్రిలు మొదలు జూను తుదివరకు నిన్న మన ఊర ఎందరు మరణించిరి, గడచిన ఏండ్లలో అదే దినమున ఎందరు మరణించిరి అను రెండు సంఖ్యలను దినదినము ప్రకటింపుమని మీ మీ వార్డు సభ్యులను అడుగుడు, జవాబు వచ్చువరకు అడుగుడు.